సలోమమ్మ తెల్లవైను

నేను ఒక గాజు సీసాను. పగిలిన గాజుముక్కల్ని కొలిమిలో కరిగించి నన్ను పోతపోశారు కాబట్టి, ఇది నాకు ఎన్నో జన్మో నాకే తెలియదు. ఈ జన్మలో మొదట నాలో ఏదో షర్బత్ పోశారు. అది కాస్తా తాగేసి నన్ను పాత పేపర్లవాడి బండిలో పడేశారు. మనుషులింతే, లోపలిది అయిపోయేదాకే మర్యాద! ఆ బండి మీంచి నన్నూ మరికొన్ని సీసాల్నీ ఏరుకున్నది అల్వాల్‌లో ఉండే సలోమమ్మ. ఆవిడ వేడినీళ్లతో కడిగిన కడుగుడుకు నా ఒంటిమీది కాగితమూ, పాత తీపి వాసనా రెండూ వదిలిపోయాయి.

సలోమమ్మ ఇంటి వెనక తెల్లద్రాక్ష పందిరి ఉండేది. ఆ పళ్లతో ఏటా క్రిస్మస్‌కి వైను చేసేది. భర్త పోయాక ఆవిడకు మిగిలిన సరదా అదొక్కటే. ఆ ఏడు పక్కింటివాళ్లు మేడ మీద మేడ లేపేసరికి పందిరికి సగం ఎండ కరువైంది. ఒకే గుత్తిలో పైవి తేనెరంగుకు తిరిగితే కిందివి పచ్చిగా ఉండిపోయాయి. ఇంకొన్నాళ్లు ఆగుదామంటే రామచిలకలు ఆగనివ్వవాయె! చేసేది లేక గుత్తులన్నీ ఒకేసారి కోసి, చాప పరుచుకుని కూర్చుని ఒక్కొక్క పండూ విడదీసింది. మరీ పచ్చివి పారేసింది. దోరవాటి దగ్గర మాత్రం ఆవిడ చెయ్యి ఆగింది. ఒకటి నోట్లో వేసుకుని, కన్ను చికిలించి, "జర పులుపుంటెనే పానముంటది" అనుకుంటూ పండిన వాటిలో కలిపేసింది.

చితకగొట్టిన పళ్లను వెంటనే గుడ్డలో పిండి, ఆ రసంలో చక్కెర, ఈస్టు వేసి జాడీకి వాసెన కట్టింది. బుడగలు ఆగి, మడ్డి అడుగుకు దిగాక పైతేటను సన్నటి గొట్టంతో మాలోకి దించింది.

క్రిస్మస్ భోజనాలకు చుట్టాలంతా దిగారు. సలోమమ్మ కళ్లు మాత్రం తమ్ముడు దైవసహాయం మీదే. తల్లి పోతే ఎత్తుకుని పెంచిన తమ్ముడు. ఆవిడ ఏం చేసినా అతను బాగుందంటేనే బాగున్నట్టు. దైవసహాయం ఒక గుక్క తాగి మొహమంతా ముడుచుకున్నాడు.

"అక్కా, ఇది వైనా, చింతపండు చారా? రంగు సుత లేదు. జర పోపు పెట్టరాదు!"

ఇల్లంతా ఒకటే నవ్వులు. సలోమమ్మ కూడా నవ్వింది. ఆ నవ్వు ఎంత కష్టపడి తెచ్చుకుందో పక్కనే బల్లమీదున్న నాకు తెలుసు. వెళ్లేవాళ్లకు ఇంటికో సీసా ఇవ్వడం ఆవిడ అలవాటు. అంత మాటన్నా సరే, నన్ను తమ్ముడి చేతిలోనే పెట్టింది.

దైవసహాయం భార్య విమల, "పారేసుడెందుకు, వెనిగర్ లెక్క పనికొస్తది" అని నన్ను అలమార మూలకు నెట్టింది. ఆ మూలనుంచే అన్నీ విన్నాను. తన దగ్గర మిగిలిన సీసాలన్నీ సలోమమ్మ మురుగు మోరీలో వంచేసిందట. పూత రాకముందే పందిరి కొట్టించేసిందట. "మంచిగైంది, జాగ కలిసొచ్చె" అన్నాడీ మహానుభావుడు. ఆ తర్వాత అక్క వచ్చినప్పుడల్లా వట్టి చేతులతో రావడం, వండి తేవడం మానేయడం అతను గమనించనే లేదు.

నా కడుపులో ఏం జరుగుతోందో నాకు తెలుస్తూనే ఉంది. ఆ పులుపు నెమ్మదిగా మెత్తబడింది. అణగి ఉన్న పరిమళం పైకి తేలింది. అయ్యో, తొందరపడ్డావు తల్లీ, కొన్నాళ్లాగితే సరిపోయేది కదా అని ఎంత ఏడ్చానో! సీసా ఏడుపు ఎవరికి వినిపిస్తుంది?

మరుసటి ఏడు ఒక ఆదివారం, ఉల్లిపాయ ముక్కల మీద చల్లుదామని విమల నా బిరడా తీసింది. వాసన చూసి ఆగిపోయి మొగుణ్ని పిలిచింది. దైవసహాయం గ్లాసులో కొంచెం పోసుకుని తాగాడు. ఇంకొంచెం తాగాడు. ఆపైన చెప్పులేసుకుని, నన్ను పట్టుకుని అల్వాల్ బయల్దేరాడు.

"అక్కా, జర తాగి చూడు. నువ్వు చేసిందే. ఇంత మంచి వైను నేనేడ తాగలె. నా నోటికి బుద్ధి లేకుండె."

సలోమమ్మ గ్లాసందుకుని మెల్లగా తాగింది. ఆవిడ మొహంలో ఏ మార్పూ లేదు.

"మొన్నటి జరం పోంగ పోంగ రుచి, వాసన రెండూ పట్కపోయింది తమ్మీ. కూరల ఉప్పెక్కువైతే సుత తెలుస్తలేదు. ఇది నాకు నీళ్లలెక్కనే ఉన్నది."

దైవసహాయం చిన్నపిల్లాడిలా ఏడ్చేశాడు. "ఒట్టు అక్కా, మస్తుగున్నది. నా మాట నమ్ము."

"నమ్మకేం రా? ఆ దినం చారన్నవు, నమ్మి మోరీల వోసిన. ఇయ్యాల మంచిగున్నదంటున్నవు. నమ్ముత."

నాలో మిగిలిందంతా అతని గ్లాసులోకే వంచి, ఎట్లున్నదో చెప్పమంది. దైవసహాయం ఒక్కొక్క గుక్కా తాగుతూ చెబుతున్నాడు. ఆవిడ కళ్లు మూసుకుని వింటోంది. గ్లాసు ఖాళీ అయ్యాక కూడా, "ఇంక చెప్పురా" అంది.