నలభై రెండో ప్రశ్న

కోపం వస్తే మాస్టారు మొదట చేసే పని పెన్సిల్ చెక్కుకోవడం. ఆ రోజు మధ్యాహ్నం మూడయ్యేసరికి ఆయన బల్ల మీద ఆరు పెన్సిళ్ళు సూదుల్లా తయారై ఉన్నాయి. వాటితో ఒక్క అక్షరం రాసింది లేదు.

ముప్పై ఏళ్ళు లెక్కలు చెప్పి రిటైరయ్యాక, చేతికొచ్చిన డబ్బంతా పోసి ఆయన ఒక ఫ్రాంచైజీ తీసుకున్నారు. జనానికి పన్ను రిటర్నులు వేసిపెట్టే కంపెనీ అది. ఇస్త్రీ షాపుకీ కళ్ళజోళ్ళ షాపుకీ మధ్య ఇరుక్కున్న రెండు బల్లల గది. కంపెనీ తన వంతుగా ఇచ్చినవి ఒక బోర్డు, ఒక సాఫ్ట్‌వేరు, రెండు చిలకపచ్చ కోట్లు. కోటు లేకుండా కస్టమరు ముందు కూర్చుంటే జరిమానా. అది తొడుక్కుంటే మాస్టారు కళ్ళజోడు పెట్టుకున్న బెండకాయలా ఉంటారు. రెండో కోటు, ముందు బల్ల దగ్గర కూర్చుని ఫోన్లెత్తే ఆయన భార్యది. ఆవిడకి అది చక్కగా నప్పింది. దాని మీద కూడా ఆయనకి కొంచెం కోపమే.

అసలు కోపం బోర్డు మీద. ‘నోటీసు వస్తే జరిమానా మాది’ అని ఎర్రక్షరాలు. మాది అంటే కంపెనీదే అనుకుని మాస్టారు ఒప్పందం మీద సంతకం పెట్టేశారు. మాది అంటే మాస్టారిదని పంతొమ్మిదో పేజీలో ఉంది. లెక్కల మనిషి కాబట్టి అంకెలున్న పేజీలన్నీ ఆయన రెండేసిసార్లు చదివారు. ఆ పేజీలో అంకెలు లేవు.

దానికి ఉన్న విరుగుడు ఒక్కటే, ప్రశ్నల ఫారం. వచ్చిన ప్రతివాడూ నలభై రెండు ప్రశ్నలకి సొంత చేత్తో జవాబులు రాసి సంతకం పెట్టాలి. అందులో అబద్ధం రాస్తే తప్పు వాడిది, బోర్డు మీది హామీ చెల్లదు. చిట్టచివరి ప్రశ్న: ‘ఇంకా చెప్పవలసింది ఏమైనా ఉందా?’ అందరూ ‘లేదు’ అనే రాస్తారు. దాచింది ఎంత ఎక్కువుంటే ఆ ‘లేదు’ అంత గుండ్రంగా వస్తుందని మాస్టారు కనిపెట్టారు.

ఎవరెవరినో చూశారాయన. పక్కింటాయనకి డబ్బు వెనక్కి వచ్చిందట కాబట్టి తనకీ రావాలని, రాకపోతే పరువేం కావాలని కూర్చున్నవాడొకడు. పెంపుడు కుక్కని తన మీద ఆధారపడిన కుటుంబ సభ్యుల్లో రాయమని, అది మా అబ్బాయికంటే ఎక్కువ తింటుంది, మాట కూడా వింటుందని బతిమాలిన బ్యాంకు క్యాషియరు ఇంకొకడు. అందరి నుంచీ మాస్టారిని ఆ ఫారమే కాసింది. దాన్ని దాటిపోయినవాడు ఒకే ఒక్కడు, ఆయన తోడల్లుడు.

కిందటేడు వచ్చి, ఇంట్లోవాళ్ళకి కూడా ఫారాలేంటి తమ్ముడూ అని నవ్వాడు. పెద్దక్క మొగుడు, ఏమనుకుంటాడోనని భార్య కూడా కళ్ళతో సైగ చేసింది. సరేనని మాస్టారు ప్రశ్నలు నోటితో అడిగి, జవాబులు తన చేత్తోనే నింపారు. ఇంట్లో ఒక గది అచ్చంగా ఆఫీసు పనికేనని చెప్పాడు, రాశారు. ట్రెడ్‌మిల్లు డాక్టరు కొనమన్నాడని చెప్పాడు, అదీ రాశారు. నలభై రెండోదానికి ‘లేదు’ అని కూడా ఆయనే రాశారు. సంతకం ఈసారి వచ్చినప్పుడు పెడతాలే అని తోడల్లుడు లేచిపోయాడు.

ఆ ఈసారి ఇవాళ వచ్చింది, చేతిలో నోటీసుతో.

పన్నుల ఆఫీసువాళ్ళు అతని ఇల్లు చూసి వెళ్ళారట. ఆఫీసు గదిలో ఒకే ఒక యంత్రం ఉందని, దాని మీద ఆరు తువ్వాళ్ళు ఆరేసి ఉన్నాయని నోటీసులో ఉంది. కింద ఇంకో పేరా, అది మాస్టారికి. తెలిసి తెలిసి అబద్ధపు రిటర్ను వేశారని తేలితే మీ రిజిస్ట్రేషన్ రద్దవుతుంది, పది రోజుల్లో సంజాయిషీ ఇవ్వండి అని. రిజిస్ట్రేషన్ లేకపోతే షాపు కంపెనీకి వెళ్ళిపోతుంది. అది ఇరవయ్యో పేజీలో ఉంది. ఈమధ్య ఆయన అన్ని పేజీలూ చదివారు.

తోడల్లుడు కస్టమరు కుర్చీలో కూర్చుని దాన్ని అటూ ఇటూ తిప్పుతున్నాడు.

“నాకేం కంగారు లేదు తమ్ముడూ. బోర్డు మీద రాసుకున్నారు కదా.”

“గది గురించి చెప్పింది మీరు కదా అన్నయ్యా.”

“నేనా? ఈ లెక్కలు నాకేం తెలుసు? నువ్వేదో అడిగావు, నేనేదో ఊకొట్టాను.” బల్ల మీదున్న కిందటేటి ఫారం తన వైపు లాక్కుని చూశాడు. “అంతా నీ రాతేగా. ఎంత బాగుందో, ముత్యాలు పేర్చినట్టు.”

ముప్పై ఏళ్ళలో ఆయన చేతిరాతని మెచ్చుకున్న మొదటి మనిషి ఇతనే. మాస్టారు ఏడో పెన్సిల్ అందుకున్నారు.

అక్కడితో ఆగితే ఏమయ్యేదో తెలీదు. కానీ తోడల్లుడు ఓదార్చడం మొదలుపెట్టాడు.

“రిజిస్ట్రేషన్ పోతే మాత్రం ఏముంది? హాయిగా ఇంట్లో కూర్చుని పిల్లలకి ఎక్కాలు చెప్పుకో. ఈ కోటు బాధ కూడా తప్పుతుంది.”

ముందు బల్ల దగ్గర ఫోను మోగుతోంది. ఎప్పుడూ రెండో మోతకే ఎత్తే మాస్టారి భార్య ఈసారి ఎత్తలేదు. తన సెల్లు పట్టుకుని వచ్చి, ఇద్దరి మధ్యా బల్ల మీద పెట్టి, ఏదో నొక్కింది.

చుట్టాల గ్రూపు అది. రోజూ పొద్దున్నే దిగే గులాబీలు భరించలేక మాస్టారు రెండేళ్ళ కిందటే దాని నోరు నొక్కేశారు. అందులోంచి ఇప్పుడు తోడల్లుడి గొంతు హుషారుగా బయటికొచ్చింది.

“మన మాస్టారు ఎంత అమాయకుడో చూడండి. బట్టలారేసుకునే గదిని ఆఫీసంటే నమ్మి రాసేసుకున్నాడు. వచ్చే ఏడాది వంటగది కూడా చెప్తా.”

తేదీ కిందటేడుది, రిటర్ను వేసిన మర్నాడు. కింద పదకొండు నవ్వు బొమ్మలున్నాయి. మాస్టారు లెక్కపెట్టారు, అలవాటు. తొమ్మిదోది ఆయన భార్యది.

“అది సరదాకన్నమాట తమ్ముడూ,” అన్నాడు తోడల్లుడు.

మాస్టారు కోటు గుండీలు పెట్టుకున్నారు. సొరుగులోంచి కొత్త ఫారం తీసి అతని ముందు పెట్టారు.

“నింపండి సార్,” అన్నారు. అంతవరకు ఆయన నోట అతను ‘సార్’ అనిపించుకోలేదు. “పెన్సిల్ కాదు. పెన్ను.”

నింపడానికి గంట పట్టింది. రెండుసార్లు మంచినీళ్ళడిగాడు, ఎవరూ లేవలేదు. నలభై రెండో ప్రశ్న దగ్గర తలెత్తి చూశాడు. మాస్టారు ఆ గొంతున్న సెల్లుని వేలితో ఒక అంగుళం అతని వైపు జరిపారు. అతను అరపేజీ రాసి, సంతకం పెట్టాడు. గదీ ట్రెడ్‌మిల్లూ తీసేసిన కొత్త రిటర్నుకీ, ఆ గొంతుకీ ఇది జతచేస్తే సంజాయిషీ నిలబడుతుంది. షాపు ఉంటుంది. మాస్టారికి ఆ సంగతి అర్థమైంది కానీ సంతోషం మాత్రం రాలేదు.

“ఇంత చిన్నదానికి ఇంత చేస్తారనుకోలేదు,” అన్నాడు తోడల్లుడు గుమ్మంలో, మరదలి వైపు తిరిగి. “మీ అక్కకేం చెప్పమంటావు?”

“గ్రూపులో పెట్టెయ్ బావా,” అందావిడ.

అతను వెళ్ళాక మాస్టారు సెల్లు తీసి భార్య చేతికిచ్చారు.

“ఎప్పట్నుంచి తెలుసు?” అన్నారు మాస్టారు.

“పెట్టిన రోజు నుంచే.”

“నవ్వావు.”

“అందరూ నవ్వారు. నేనొక్కదాన్నే నవ్వకపోతే అక్క ఏమనుకుంటుందోనని.”

ఆయన ఏడో పెన్సిల్ చెక్కడం పూర్తిచేద్దామనుకున్నారు. ముల్లు విరిగింది. మళ్ళీ చెక్కారు, మళ్ళీ విరిగింది. దాన్ని చెత్తబుట్టలో పడేసి, ఇంకో ఫారం తీసి కస్టమరు కుర్చీ ముందు పెట్టారు.

“మన రిటర్ను కూడా వెయ్యాలి. నీ వంతు నువ్వు నింపు.”

ఏమంటుందోనని చూశారు. ఆవిడ కుర్చీలో కూర్చుని, పెన్ను మూత తీసి, పేరూ ఊరూ అన్నీ వదిలేసి నేరుగా చివరి పేజీ తిప్పింది. నలభై రెండో ప్రశ్న కింద ‘ఉంది’ అని రాసింది. ఆ అక్షరాలు గుండ్రంగా లేవు.

తర్వాత పెన్ను పట్టుకుని తలెత్తింది.

“ఈ జాగా చాలదు. తెల్లకాగితాలున్నాయా?”

మాస్టారికి కోపం ఇసుమంతైనా తగ్గలేదు. సొరుగు లాగి, కాగితాల కట్ట మొత్తం తీసి ఆవిడ ముందు పెట్టారు.