పిన్ని వేసిన వయొలిన్ టైమ్‌టేబుల్

వయొలిన్ మాస్టారు ఆ మాట అన్న దగ్గర్నుంచీ తుర్రుపిట్టకు కాళ్లు నేల మీద నిలవడం లేదు. నర్సింగ్ రెండో ఏడాది చదువుతున్న ఆ పిల్లకు ఇంట్లోవాళ్లు పెట్టిన పేరది. నడవమంటే పరిగెత్తే రకం మరి!

"కచేరీలో సోలో నీకే ఇవ్వాలని ఉందమ్మా. కానీ మూడో భాగం వచ్చేసరికి ఎవరో తరుముతున్నట్టు వాయిస్తావు. నాలుగు వారాలు చూస్తా. అది కుదిరితే సోలో నీది, లేదంటే ఇంకొకళ్లది," అన్నారు మాస్టారు.

ఇంటికి రాగానే అయిదు రంగుల పెన్నులు ముందేసుకుని కూర్చుంది. రోజుకు రెండు గంటల సాధన చొప్పున టైమ్‌టేబుల్ గళ్లన్నీ నింపి, కాగితం గోడకు అంటించి, దూరంగా నిలబడి చూసుకుని మురిసిపోయింది. సోమవారం ఆసుపత్రి డ్యూటీ గంట ఎక్కువ పట్టింది. మంగళవారం పరీక్ష. బుధవారానికి ఆ గోడ వంక చూడాలంటేనే సిగ్గేసింది.

"మూడునాళ్ల ముచ్చటేనా?" అంది పిన్ని గుమ్మంలోంచి. పిన్ని బస్సు డిపోలో కంట్రోలరు. ఏ బస్సు ఏ నిమిషానికి కదలాలో ఇరవై ఏళ్లుగా రాస్తున్నది ఆవిడే.

"టైమే లేదు పిన్నీ!"

"నీకు టైము లేక కాదే, ఈ కాగితానికి ఊపిరాడక. ఇలాంటిది నేను బోర్డు మీద పెడితే మధ్యాహ్నానికల్లా బస్సులన్నీ ఒకచోట చేరి కబుర్లు చెప్పుకుంటాయి. మా దగ్గర ముందు గడియారం పట్టుకుని రూటంతా తిరిగొస్తాం. ఆ తర్వాతే కాగితం."

అన్నంత పనీ చేసింది. తన వారపు సెలవు రోజున తుర్రుపిట్ట వెంట నీడలా తిరిగి, సాయంత్రం వంటింటి బల్ల మీద చిన్న పుస్తకం తెరిచింది.

"పొద్దున తయారైపోయి, ఇరవై నిమిషాలు ఫోన్ చూస్తూ కూర్చున్నావు. కాలేజీ నుంచి వచ్చి పదిహేను నిమిషాలు మంచం మీద వాలావు. ఇక వయొలిన్ అంటావా, అటక మీంచి పెట్టె దించి, శ్రుతి చేసి, పాట కాగితాలు వెతుక్కునేసరికి పదకొండు నిమిషాలు. వాయించింది తొమ్మిది. డిపో గేటు దాటడానికే సగం డీజిలు అయిపోతే బండి ఎక్కడికెళుతుందే?"

తుర్రుపిట్టకు నవ్వాగలేదు. ఆ వెంటనే హుషారు ముంచుకొచ్చింది. అప్పటికప్పుడే సుత్తి వెతికి కిటికీ పక్కన కొక్కెం కొట్టింది. ఇక వయొలిన్ ఉండేది అక్కడే. పొద్దున ఇరవై నిమిషాలు, మూడో భాగంలోని నాలుగే వరుసలు. సాయంత్రం పదిహేను, మిగతా పాట. డ్యూటీ ఉన్న రోజుల్లో పొద్దున ఒక్కటే. ఆదివారం మాత్రం పిన్ని గంటసేపు ఖాళీ గడి వదిలింది.

"అదెందుకు?"

"స్పేర్ బండి. వారంలో ఏ ట్రిప్పు తప్పినా అది వెళుతుంది. ఏదీ తప్పకపోతే హాయిగా పడుకో."

మొదటి వారం రెండు ట్రిప్పులు తప్పాయి, ఆదివారం తీరిపోయాయి. రెండో వారం ఒక్కటే తప్పింది. కానీ మూడో భాగంలో ఆ పరుగు మాత్రం వదల్లేదు.

"ఆ నాలుగు వరుసలకీ మొన్న యాభై సెకన్లు పట్టింది, ఇవాళ నలభై రెండు," అంది పిన్ని గడియారం చూస్తూ.

"బాగుపడ్డట్టేగా!"

"ఏం బాగు, నా మొహం! ఆలస్యం అమృతం విషం అంటారు గానీ, మా దగ్గర ముందు రావడం అంతకన్నా విషం. ఆలస్యమైన బస్సు కోసం జనం తిట్టుకుంటూనైనా నిలబడతారు. ముందే వెళ్లిపోయిన బస్సు, నమ్ముకుని వచ్చినవాళ్లని రోడ్డు మీద వదిలేసి పోతుంది."

ఆ మాట తుర్రుపిట్ట మనసులో నాటుకుంది. పాట కాగితంలో ఆ నాలుగు వరుసల చివరా పెన్సిలుతో ఒక చుక్క పెట్టుకుంది. అదొక స్టాపు. అందరూ ఎక్కేదాకా కదలకూడదు.

నాలుగో శనివారం మాస్టారి గదిలో తుర్రుపిట్ట కమాను ఎత్తింది. వెనక కుర్చీలో పిన్ని. ఇరవై ఏళ్లలో ఆవిడ డ్యూటీ మార్చుకుని రావడం ఇదే మొదలు. మూడో భాగం మొదలవగానే వేళ్లు పాత అలవాటు కొద్దీ పరుగందుకోబోయాయి. చుక్క కనిపించింది. ఆగింది. అందరూ ఎక్కారనిపించాకే కదిలింది. రెండో చుక్క, మూడోది, నాలుగోది. ఇంత సంతోషంగా తను ఎప్పుడూ వాయించలేదు.

పాట అయ్యాక మాస్టారు కుర్చీ ముందుకు జరుపుకున్నారు. "రోజుకి ఎన్ని గంటలు కూర్చున్నావమ్మా?"

"గంటలు కాదండీ, ముప్పై అయిదు నిమిషాలు."

ఆయన పకపకా నవ్వి, కచేరీ కాగితంలో సోలో పక్కన ఆమె పేరు రాశారు. తుర్రుపిట్ట ఒక్క ఉరుకున వెళ్లి పిన్నిని చుట్టేసింది.

"ఎన్ని సెకన్లు పట్టింది పిన్నీ? చెప్పు, చెప్పు!"

పిన్ని కొంగుతో కళ్లు తుడుచుకుంది.

"ఏమోనే తల్లీ, గడియారం చూడడం మర్చిపోయాను."