దగ్గు ఆగిన వారం

నాకు అన్నిటికంటే ఎక్కువ భయం మంచినీళ్ల గ్లాసంటే. ఆ గ్లాసే పట్టుకుని ఆసుపత్రి వరండాలో నడుస్తున్నాను, నడిచేకొద్దీ అది మా మామగారు కోటిలింగం గారి టైలరు షాపు అయిపోతోంది, గోడల నిండా కొలతల చీటీలు, వాటి మధ్య మందుల చీటీలు, ఆయన మిషను ముందు కూర్చుని సూదిలోకి దారం ఎక్కిస్తున్నారు. ఆయన పోయి ఏడు నెలలైందని నాకు తెలుసు, మొహాన చెబితే బాగుండదని ఊరుకుంటాను.

"చూశావా శ్యామలా, వణుకు లేదు," అని చెయ్యి చాపి చూపిస్తారు. "బుర్రలో తీగలు, ఛాతీలో బ్యాటరీ. నీ కూతురు నన్ను చార్జింగ్ తాతా అనేది."

"ఇంకా అంటానే ఉంది మామయ్యా."

వణుకుడు జబ్బుకి బుర్రలో తీగలేసే ఆపరేషనయ్యి ఆయన చేతులు నిలకడగా నిలబడ్డ రోజు జబ్బే పోయిందనుకున్నాం. మింగడం మాత్రం బాగవలేదని, పల్చటి నీళ్లు ఊపిరి గొట్టంలోకి జారిపోతాయని, నీళ్లలో పొడి కలిపి చిక్కగా చేసి చెంచాతో పట్టమని డాక్టరమ్మ చెప్పిన మాటలు ఇప్పుడు షాపు రేడియోలోంచి వినపడుతున్నాయి. నేనేమో ఆయనకు పొలమారినప్పుడు, మా పుట్టింట్లో చేసినట్టే, ఎవరో తలుచుకుంటున్నారంటూ మాడు మీద తట్టబోయి, లోపల తీగలున్నాయని జంకి, వీపు నిమిరి, రెండుసార్లు గ్లాసుడు మామూలు నీళ్లు తాగించాను. ఆ తర్వాత ఓ వారం ఆయన దగ్గలేదు. తగ్గిందని సంతోషపడ్డాను. ఆ వారమే ఊపిరితిత్తుల్లో నిమ్ము చేరింది.

ఇది ఎవరికీ చెప్పలేదు. మా ఆయన ఎప్పుడూ లారీ మీదే ఉంటాడు, అత్తయ్యతో అనడానికి నోరు రాదు.

"మామయ్యా, నేనిచ్చిన నీళ్లేనా?"

ఆయన దారం కొరికి తెంపుతారు. షాపు మెల్లగా కదులుతోంది, కిటికీలోంచి కాలవ వెనక్కి పోతోంది.

"తొమ్మిదో క్లాసులో బడి మానేశావు గానీ ప్రశ్నలు మానలా నువ్వు. నువ్విచ్చింది రెండుసార్లే. చేతులు బాగయినయ్ గదా, నువ్వు పిల్లకి నీళ్లు పోసేటప్పుడల్లా బిందెలో నేనే ముంచుకుని తాగా. ఆ జిగురు నీళ్లు మనిషి తాగేయేనా?"

"మరి దగ్గు రాలేదేం?"

"రాలా. ఎటు పోతున్నయ్యో గొంతుకే తెలీలా."

నేను వినాలనుకున్న మాట ఇదే, అందుకే నమ్మబుద్ధి కావడం లేదు. నిజంగానా అని అడుగుతాను, ఆయన అప్పటికే మిషను తొక్కుతున్నారు, ఆ చప్పుడులో నా గొంతు నాకే వినపడదు.

మెలకువ వచ్చేసరికి మధ్యాహ్నం రెండున్నర. ఇంట్లో ఎవరి మాటా లేదు. పక్కన పాప నిద్రలోనే గుటక వేసింది. చిన్న గొంతు పైకి కదిలి కిందికి దిగింది. ఇంకొకటి వేసేదాకా ఊపిరి బిగబట్టి చూస్తూ ఉన్నాను.

మీ ఇంట్లో ఈ వణుకుడు జబ్బున్న పెద్దవాళ్లుంటే, ఈమధ్య తినేటప్పుడు దగ్గడం లేదులే అని మీకు నిశ్చింతగా ఉంటే, ఒక్కసారి లేచి వాళ్ల దగ్గరికి వెళ్లి చూడండి.