కడుపు నిండిన మాట

నేను ఒక మైకును. అలాగని సభల్లో స్టాండు మీద నిలబడి పూలదండలు చూసే జాతి కాదు నాది. టీవీవాళ్ల చేతిలో ఉంటూ, ఎవరి నోరు కదిలితే ఆ నోటి కిందికి దూరే జాతి. జనం నన్ను గొట్టం అంటారు. ముద్దుగా అంటున్నారని చాలాకాలం మురిసిపోయాను.

అందరూ నన్ను నోరనుకుంటారు. నేను చెవిని. నాకు వినడం ఒక్కటే వచ్చు, దాచుకోవడం రాదు. విన్నది విన్నట్టు తీగలోకి పంపేస్తాను. ఆ తర్వాత దాని తల తీస్తారో తోక తీస్తారో నాకు సంబంధం లేదు. ఈ సంగతి ముందే ఎందుకు చెబుతున్నానంటే, ఒక మనిషి నన్ను నమ్మి చెడిపోయింది.

పుట్టింది ఎక్కడో సముద్రాల అవతలి ఫ్యాక్టరీలో అయినా, నాకు బొట్టు పెట్టింది హైదరాబాదులో. చానల్ ప్రారంభం రోజున కెమెరాలతోపాటు నన్నూ వరుసలో పెట్టి, పసుపు రాసి, కుంకుమ అద్ది, నిమ్మకాయతో దిష్టి తీశారు. చానల్ పేరు రాసిన నీలంరంగు డబ్బా ఒకటి నా మెడకు తొడిగారు. "మేం ఎవరికీ తలవంచం" అని యజమాని ప్రసంగించాడు. ప్రసంగం కాగానే వేదిక దిగి, అప్పుడే కారు దిగుతున్న అధికార పార్టీ నాయకుడికి నడుం దాకా వంగి దండం పెట్టాడు. తలవంచనన్నాడు గానీ నడుం వంచనన్లేదు కదా అని సరిపెట్టుకున్నాను.

నన్ను శ్రీకాకుళం వైపు పనిచేసే భానోజీ అనే విలేకరికి అప్పగించారు. మంచివాడే. కాకపోతే మంచితనం వేరు, నెల జీతం మీద ఇల్లు నడపడం వేరు. ఒక మంత్రిగారి చుట్టూ జరిగిన తోపులాటలో నన్ను కింద పడేసి, నా తల మీది జల్లెడకు సొట్ట పెట్టింది కూడా ఆయనే. ఆ సొట్ట వల్లే తర్వాత ఒకామె నన్ను గుర్తుపట్టింది.

ఆమె పేరు దాలమ్మ. రిజర్వాయరు కింద ఊరు మునిగిపోతే, కొండపక్క కట్టిన కాలనీకి తెచ్చి పడేసినవాళ్లలో ఒకతె. నష్టపరిహారం కోసం, సాగయ్యే భూమి కోసం ఆడవాళ్లంతా కాలనీ మొదట్లో టెంటు వేసి దీక్ష చేస్తున్నారు. వాళ్లకు పెద్ద దిక్కు ఎర్రమ్మ. దాలమ్మకు తోడబుట్టిన అక్క కాకపోయినా "అప్పా" అనే పిలిచేది. ఊరు మునిగాక ఇద్దరూ గోడకు గోడ ఆనించి ఉండే ఇళ్లే అడిగి తీసుకున్నారు. ఒక కుండలో కాచిన చోడి అంబలి రెండిళ్లలో తాగేవారు.

చానల్ ఆ రిజర్వాయరు మీద ఒక డాక్యుమెంటరీ తీయాలనుకుంది. పేరు 'పచ్చని బాట'. పేరు ముందే పెట్టేశారంటే లోపల ఏముంటుందో మీకు తెలిసే ఉంటుంది. భానోజీ టెంటు దగ్గరికి వచ్చి నన్ను ఎర్రమ్మ ముందు పెట్టబోయాడు. ఆమె గొంతు నినాదాలతో బొంగురుపోయి ఉంది.

"నువ్వు సెప్పవే దాలీ. నీకు మాట బాగొస్తాది" అంది.

దాలమ్మకు ఒక అలవాటు. ఎంత బాధ ఉంటే అంత నవ్వుతుంది. నవ్వుతూనే నాలోకి ఇలా అంది:

"మా ఊరు ముంచేసినారు బావూ. పొలం ఇస్తామన్నారు, రాళ్లదిబ్బ ఇచ్చినారు. ఆపీసర్లొచ్చి మాటలు సెప్పినారు, మంత్రులొచ్చి మాటలు సెప్పినారు. ఆల మాటల్తోటే మాకు కడుపు నిండిపోనాది బావూ! ఇంకేటి గావాల మాకు? ఈలే గాదు, అంతకుముందు ఉన్నోలు గూడ కొబ్బరికాయ కొట్టి ఎల్లిపోనారు. ఒకలు గొయ్యి తీసినారు, ఇంకొకలు నీరు ఇడిసినారు. మునిగినోలం మేమే."

టెంటులో ఆడవాళ్లంతా ఆ మాటకు చప్పట్లు కొట్టారు. ఎర్రమ్మ ఆమె వీపు తట్టింది. నాకు కూడా ఆ రోజు నా పుట్టుక మీద కొంచెం గౌరవం కలిగింది.

హైదరాబాదు ఎడిటింగ్ గదిలో, సంచిలోంచి తల బయటపెట్టి నేను మిగతాది విన్నాను. భానోజీ కూడా ఆ రోజు అక్కడే ఉన్నాడు. డాక్యుమెంటరీ చేస్తున్న వాసంతిగారు చదువుకున్న మనిషి, పద్ధతైన మనిషి. దాలమ్మ ముఖం చూసి, "ఎంత చక్కగా నవ్వుతోందో" అంది.

"అది ఎటకారం మేడమ్" అన్నాడు భానోజీ.

"ఎటకారం అని తెర మీద రాయలేం కదండీ" అందామె. అని, కత్తిరించింది.

'పచ్చని బాట'లో వరిచేలు ఊగాయి, వేణువు మోగింది, దాలమ్మ నవ్వుతూ కనిపించింది. "కడుపు నిండిపోనాది బావూ! ఇంకేటి గావాల మాకు?" అంతే. ముందుదీ లేదు, వెనకదీ లేదు. ఒక్క అబద్ధం కూడా కలపలేదు సుమండీ. అన్నీ ఆమె నోటి మాటలే. అబద్ధం చెబితే పట్టుకోవచ్చు. నిజాన్ని కోసి వడ్డిస్తే ఏం పట్టుకుంటాం?

వారం తిరక్కుండా అధికారులు టెంటు దగ్గరికొచ్చారు. "మీ ఊరావిడే కడుపు నిండిందని టీవీలో చెప్పింది కదమ్మా, ఇంకా ఈ దీక్షలెందుకు?" అన్నారు. టెంటు పీకేశారు. ఎర్రమ్మ ఒక్క మాట కూడా తిట్టలేదట. తిట్టినా బాగుండేది. ఇద్దరి పెరళ్ల మధ్య ఉన్న దడి తలుపుకు తాడు కట్టేసింది. కాలనీలో దాలమ్మకు 'కడుపునిండినమ్మ' అని పేరు పడింది. ఎంత తీసుకున్నావే అని అడిగినవాళ్లు కొందరు, అడక్కుండానే తేల్చేసినవాళ్లు ఎందరో.

తర్వాత ఎన్నికలొచ్చాయి. ప్రభుత్వం మారింది. మా చానల్‌ను అవతలి పార్టీకి కావలసినాయన కొనేశాడు. కుర్చీలు, కెమెరాలు, నేను, భానోజీ, అందరం ఒకే బేరంలో పోయాం. నా మెడలో నీలం డబ్బా తీసి పసుపు డబ్బా తొడిగారు. మళ్లీ బొట్టు పెట్టారు, మళ్లీ నిమ్మకాయ తిప్పారు, మళ్లీ 'ఎవరికీ తలవంచం' అన్నారు. డబ్బా మార్చినవాళ్లు మాట మార్చలేదని నాకు విసుగొచ్చింది.

కొత్తవాళ్లు కూడా డాక్యుమెంటరీ తీశారు. పేరు 'మునిగిన నిజం'. భానోజీ మళ్లీ అదే కాలనీకి వెళ్లాడు. దాలమ్మ ఆయన ముఖం చూడలేదు, నన్ను చూసింది. నా సొట్ట మీద వేలు పెట్టి రాసింది.

"డబ్బా మారినాది గానీ గొట్టం అదే గదా బావూ?"

భానోజీ నన్ను ఆమె నోటి దగ్గరికి జరిపాడు.

"సెప్తాను. నాకు డబ్బులొద్దు, పొలం గూడ ఒద్దు. ఆ పొద్దు సెప్పిన మాట మొత్తం ఎయ్యండి. మా అప్పకి ఇనపడాల. అంతే."

మళ్లీ చెప్పింది, మొదటినుంచి చివరిదాకా. ఈసారి నవ్వకుండా ఉండటానికి చాలా కష్టపడింది. దడి అవతల ఎర్రమ్మ చాటతో చెరుగుతున్న చప్పుడు నాకు వినిపిస్తూనే ఉంది. దాలమ్మ నోరు విప్పగానే ఆ చప్పుడు ఆగింది. అంతలోనే ఎర్రమ్మ లేచి లోపలికి వెళ్లి తలుపు వేసుకుంది.

'మునిగిన నిజం'లో దాలమ్మ "మా ఊరు ముంచేసినారు, రాళ్లదిబ్బ ఇచ్చినారు" అంది. వెనక వీణ ఏడ్చింది. కడుపు నిండిన మాట పాతదని తీసేశారు, 'అంతకుముందు ఉన్నోలు' అన్న చోటా కత్తెర పడింది. అంతకుముందు ఉన్నవాళ్లే ఇప్పుడు చానల్ యజమానులు మరి. కాలనీలో జనం లెక్క తేలిపోయింది. అప్పుడు వాళ్ల దగ్గర తిని వాళ్ల పాట పాడింది, ఇప్పుడు వీళ్ల దగ్గర తిని వీళ్ల పాట పాడుతోంది. మొదటిసారి ఆమె మీద అనుమానం ఉండేది, ఇప్పుడు అదీ లేకుండా పోయింది.

మళ్లీ ప్రభుత్వం మారాక భానోజీ ఉద్యోగం పోయింది. ఎవరి మనిషో తేలని విలేకరి ఎవరికి కావాలి? సొంతూళ్లో టెంట్‌హౌస్ పెట్టుకున్నాడు. పాత సామాను కింద చానల్‌వాళ్లు పారేసిన నన్ను తెచ్చి సౌండుపెట్టెకు తగిలించాడు. డబ్బాలేవీ లేవు. పెళ్లిళ్లలో తప్పిపోయిన పిల్లల పేర్లు, పెద్దకర్మల్లో రెండో బంతికి పిలుపులు. చెప్పుకోవడానికి గొప్ప పని కాదు గానీ, అన్న మాట అన్నట్టు వినపడేది. నాకు అదే హాయి.

ఇప్పుడు నా స్విచ్చి పోయింది. అదే కొట్టు వెనకాల గోతంలో, తెగిన తీగల మధ్య పడి ఉన్నాను. పాతసామాన్లవాడు ఎప్పుడొస్తే అప్పుడు వెళతాను. వెళ్లేలోగా నేను పనిచేసిన చివరి రోజు సంగతి చెప్పాలి.

ఆ రోజు ఆ కాలనీలోనే ఒక పెద్దకర్మ. ఎర్రమ్మది. పాత టెంటు వేసిన చోటే షామియానా వేశారు. కుర్చీలో ఫొటో, ఫొటోకు బంతిపూల దండ. మొదటి బంతి భోజనాలు నడుస్తున్నాయి. దాలమ్మను ఎవరూ పిలవలేదు. అయినా వచ్చి షామియానా అంచున నిలబడింది. నన్ను చూసింది. నెమ్మదిగా నడిచి వచ్చి బల్ల మీంచి తీసుకుంది.

"మా ఊరు ముంచేసినారు బావూ" అని మొదలుపెట్టింది.

ఆ 'బావూ' ఎవరినో ఆమెకే తెలియదు, అలవాటైపోయిందంతే. పెట్టెలోంచి ఆ గొంతు కాలనీ అంతా పరుచుకుంది. విస్తళ్ల ముందు చేతులు ఆగాయి. వడ్డించేవాళ్ల పెద్ద భానోజీ వైపు చూసి, "ఆపించు బాబూ, బంతి పిలవాల" అని సైగ చేశాడు. భానోజీ సౌండుపెట్టె మీంచి చెయ్యి తీసి, చేతులు వెనక్కి కట్టుకున్నాడు.

కడుపు నిండిన మాట వచ్చింది. కొబ్బరికాయ మాట వచ్చింది. గొయ్యి తీసినవాళ్లూ, నీరు వదిలినవాళ్లూ వచ్చారు. "మునిగినోలం మేమే" అన్నదాకా ఒక్క ముక్క తెగలేదు. నేను విన్నదంతా వాళ్లూ విన్నారు. ముసలివాళ్లు కొందరు తలలు దించుకున్నారు. వాళ్ల గురించి దాలమ్మకు పట్టలేదు. ఫొటో దగ్గరికి వెళ్లింది.

"ఇన్నావా అప్పా? ఇదీ నాను సెప్పింది."

అని, భానోజీ తన ముందు పెట్టినట్టే నన్ను ఆ ఫొటో ముందు పెట్టి, జవాబు కోసం ఆగింది.

నేను చెవిని కదా. శక్తి కొద్దీ విన్నాను. దండలోంచి పువ్వొకటి రాలి నా మీద పడిన చప్పుడు తప్ప నాకేమీ వినిపించలేదు.