దుర్గం కింద నైట్రస్ పరుగు

వరదమ్మ మిషన్ ఆసుపత్రిలో ఆపరేషన్ థియేటర్ నర్సుగా పనిచేసి రిటైరైంది. ఆమె కొడుకు శాంతికుమార్‌కు ఆత్మకూరులో కార్ల షెడ్డు ఉంది. ఒకరోజు ఆమె అతనికి అన్నం క్యారియర్ తీసుకొని షెడ్డుకు వెళ్లేసరికి, పాత పెట్రోల్ కారు డిక్కీలో నీలం రంగు సిలిండరు కనిపించింది. దాని మీద రాసినది చదివి ఆమె క్యారియర్ కింద పెట్టేసింది.

"నైట్రస్ ఈడికెందుకొచ్చిందిరా? మేం దీనితోనే గదా మత్తిచ్చేది."

శాంతికుమార్ చేతులు తుడుచుకొని ఓపికగా చెప్పాడు. ఆ వాయువు తనంతట తాను మండదు. ఇంజను వేడికి విడిపోయి ఆక్సిజన్ ఇస్తుంది. ఆక్సిజన్ పెరిగితే ఇంజను ఎక్కువ పెట్రోలు మండించగలదు, దాంతో కొన్ని క్షణాలపాటు కారుకు లేని బలం వస్తుంది. చెన్నై దగ్గర ట్రాకు మీద జరిగే పోటీకి పేరిచ్చాడట. కార్లలో వాడే ఈ వాయువును ఎవరూ పీల్చకుండా ఘాటైన వాసన కూడా కలుపుతారట.

ఆమె భయం పూర్తిగా పోలేదు. షట్టర్లు తెరిచే ఉంచమంది. సిలిండరును పట్టీలతో బిగించాడో లేదో తానే కదిపి చూసింది. తర్వాత చాలాసేపు అక్కడే నిలబడింది. పురిటి నొప్పులతో, విరిగిన ఎముకలతో వచ్చిన ఎందరి కేకలనో ఈ గాలి అణచగా చూసింది ఆమె. అదే గాలి ఇనుముకు బలమిస్తుందంటే నమ్మబుద్ధి కాలేదు.

శాంతికుమార్‌ది తొందరపడే స్వభావం కాదు. అది కంపెనీ నుంచి వచ్చినట్టే ఉన్న ఇంజను, లోపల ఒక్క భాగమూ మార్చలేదు. అందుకే నైట్రస్ కిట్టులో వాయువు ఎంత పోవాలో నిర్ణయించే జెట్టుల్లోంచి అన్నిటికంటే చిన్నది ఎంచుకున్నాడు. వేడిని తట్టుకునే ప్లగ్గులు వేశాడు, స్పార్కు టైమింగు కాస్త వెనక్కి జరిపాడు. యాక్సిలరేటర్ అడుగంటా తొక్కి, ఇంజను బాగా వేగం అందుకున్నాకే వాయువు విడుదలయ్యేటట్టు స్నేహితుడు కేశవ చేత వైరింగు చేయించాడు. పెట్రోలు ఒత్తిడి తగ్గితే వాయువును ఆపేసే స్విచ్చి కూడా పెట్టించాడు.

రోడ్డు మీద పరీక్షించడం అతనికి ఇష్టం లేదు. ఉదయగిరి దుర్గం కింద ఒక సోలార్ ప్లాంటు ఉంది. లోపలి రోడ్డు గీత గీసినట్టు తిన్నగా ఉంటుంది. మేనేజర్ చంద్రశేఖర్ ఆదివారం మధ్యాహ్నం గేటు మూయించి, లోపల ఎవరూ తిరక్కుండా చూస్తానన్నాడు. చర్చి ముగిశాక వరదమ్మ కూడా వాళ్లతో బయల్దేరింది.

మొదటిసారి ఏమీ జరగలేదు. శాంతికుమార్ నైట్రస్ బటన్ నొక్కి పట్టినా కారు ఎప్పటిలాగే వెళ్లి, ఎప్పటిలాగే తిరిగొచ్చింది. కేశవ బానెట్టు ఎత్తి చూశాడు.

"పెట్రోల్ స్విచ్చే పోయుంటాది. రెండు వైర్లు కలిపేస్తే అయిపోద్ది. ఇంతదూరం వచ్చినాం గదరా."

శాంతికుమార్ వైర్ల వైపే చూస్తున్నాడు. కలిపేయాలనే ఉందని అతని ముఖంలో తెలుస్తోంది.

"థియేటర్లో అలారం మోగితే మేం ముందు పేషెంటును చూసేవాళ్లం రా, అలారం నోరు నొక్కేవాళ్లం కాదు" అంది వరదమ్మ.

శాంతికుమార్ వైర్లు వదిలేశాడు. పెట్రోలు పైపుకు గేజి తగిలించాడు. ఇంజను ఊరికే తిరిగేటప్పుడు ముల్లు సరిగ్గానే ఉంది, యాక్సిలరేటర్ తొక్కగానే జారిపోతోంది. ఇంజను చల్లారాక ఫిల్టరు విప్పి గిన్నెలోకి వంచితే బురద రంగు పెట్రోలు కారింది.

"కలిపేసుంటే?" అని కేశవ మెల్లగా అడిగాడు.

"గ్యాసు ఇంజన్లోకి పోతాది, దానికి సరిపడా పెట్రోలు రాదు. ఆ వేడికి పిస్టన్లు మైనం మాదిరి కరిగుండేవి."

కేశవ మేనేజర్ మోటారుసైకిలు తీసుకొని ఉదయగిరికి వెళ్లి కొత్త ఫిల్టరు తెచ్చాడు. బిగించి చూస్తే ముల్లు కదలకుండా నిలబడింది.

ఈసారి శాంతికుమార్ హెల్మెట్ పెట్టుకొని వెళ్తుంటే వరదమ్మ కళ్లు మూసుకొని ప్రార్థన చేసుకుంది. కారు సగం దూరం మామూలుగానే పోయింది. అంతలో దాని గొంతు మారింది. ముక్కు కాస్త పైకి లేచింది. కొండను తాకిన చప్పుడు తిరిగి వచ్చేలోపే కారు రోడ్డు చివర చుక్కయింది. వరదమ్మ నోరు తెరిచి అలాగే నిలబడిపోయింది.

తిరిగి రాగానే అతను సిలిండరు వాల్వు మూశాడు, పైపులో మిగిలిన వాయువును బయటికి వదిలాడు. అది తెల్లటి పొగలా ఎగిసి ఎండలో మాయమైంది. తర్వాత ప్లగ్గులు విప్పి ఒక్కొక్కటే వెలుతురులో తిప్పి చూశాడు. తెల్లటి పింగాణీ మీద కాలిన మచ్చ గాని, కరిగిన లోహపు చుక్క గాని లేదు. అప్పుడు గాని అతను నవ్వలేదు.

ఇంజను దగ్గర సన్నని పైపు మీద మంచు పేరుకొని ఉంది. అంత ఎండలో మంచేమిటని వరదమ్మ చెయ్యి చాచబోతే అతను ఆపాడు. అది చర్మాన్ని కాల్చేస్తుందన్నాడు. ఆమె వంగి అలా చూస్తూనే ఉంది.

"నన్ను గూడా ఎక్కించుకోరా" అంది చివరికి.

కేశవ నవ్వాడు గాని, శాంతికుమార్ నవ్వలేదు. తల్లికి హెల్మెట్ పెట్టి, బెల్టు బిగించి, అద్దాలు కిందికి దించాడు. గేజీలన్నీ మరొకసారి చూసుకున్నాక వాల్వు తెరిచాడు.

కారు ముందుకు దూకినప్పుడు ఎవరో పెద్ద అరచేత్తో ఆమెను సీటుకు అదిమినట్టయింది. రెండు పక్కలా సోలార్ పలకలు ఒకే నీటి చాలులా కలిసిపోయాయి. దుర్గం మీది పాత గోడలు తన మీదికే వస్తున్నట్టు కనిపించాయి. ఎన్నో ఏళ్లు మనుషులను నిద్రపుచ్చిన గాలి ఇప్పుడు తనను ఎత్తుకొని పోతోంది. ఆమెకు భయం వేయలేదు. కళ్లలో నీళ్లు తిరిగాయి.

కారు ఆగాక చాలాసేపు ఆమె దిగలేదు. బాగుందా అని కొడుకు అడిగాడు.

"ఆ ప్రభువు దేంట్లో ఏం దాచిపెట్టినాడో మనకేం తెలస్తాదిరా" అంది వరదమ్మ, కొండ వైపు చూస్తూ.