పూజలందుకున్న మాస్కు

నేను ఒక మాస్కును. చెవులకు తగిలించుకునే గుడ్డముక్కను అనుకునేరు! నల్లటి రబ్బరు మూతి, చెరో బుగ్గన ఒక వడపోత డబ్బా, తల వెనక బిగించే పట్టీలు, అంత హంగు నాది. పుట్టిందే మనిషి ముక్కుకి కాపలా కాయడానికి. కానీ మనుషుల తెలివి ఎలాంటిదంటే, కాపలా కుక్కను కొనుక్కొచ్చి బీరువాలో పెట్టి తాళం వేస్తారు.

నన్ను కొన్నది అనకాపల్లి అవతల ఒక రంగుల కంపెనీ. గుడ్డలకు అద్దే రంగుపొడి తయారవుతుందక్కడ. సేఫ్టీ ఆఫీసరు చక్రపాణి గారు నన్ను అద్దాల బీరువాలో నిలబెట్టి, తాళంచెవి జేబులో వేసుకున్నారు. తనిఖీకి ఎవరైనా వస్తే నన్ను చూపించి, "భద్రతే మా ప్రాణమండీ" అనేవారు. వాళ్లు తలూపి, జీడిపప్పు తిని వెళ్లిపోయేవారు.

దసరాకి నా వైభవం చూడాలి! ఆయుధపూజ నాడు పానాలూ సుత్తులతో పాటు నన్నూ పీట మీద పెట్టి, రెండు డబ్బాలకీ గంధం పూసి, కుంకుమబొట్లు పెట్టి హారతిచ్చేవారు. ఏటేటా బొట్టు మీద బొట్టు. గాలి పోయే రంధ్రాలు మూసుకుపోతున్నాయని ఒక్కరికీ తట్టలేదు. దేవుణ్ణి చేశాక ఇక పని చెప్పరు కదా!

అద్దంలోంచి నాకు దాలినాయుడు కనిపించేవాడు. ఎండిన రంగును పొడికొట్టి బస్తాలకెత్తడం అతని పని. మూతికి తువ్వాలు చుట్టుకుని, పాటలు పాడుకుంటూ చేసేవాడు. కొన్నాళ్లకు పాట మధ్యలో దగ్గు వచ్చింది. మరికొన్నాళ్లకు దగ్గే మిగిలింది. ఒకసారి ఆఫీసరు గారిని అడిగాడు.

"బాబూ, ఆ బీరువాలోది ఓపాలిస్తారేటి? పొడి గుండెల్లోకెల్లిపోతంది."

"పూజ చేసిన వస్తువయ్యా! నీ చెమట అంటితే పాడైపోదూ?"

నాకు ఒళ్లు మండిపోయింది. ఏం లాభం, రబ్బరు నోరు పెగలదాయె.

అతని ఊపిరితిత్తులు దెబ్బతిన్నాయనీ, రంగుపొడే కారణమనీ డాక్టరు తేల్చేసరికి కంపెనీ అతన్ని పనిలోంచి తీసేసింది. మందులు ఆగితే మనిషి దక్కడు. భార్య పైడమ్మ కొంగు బిగించి, అతన్ని వెంటబెట్టుకుని, నష్టపరిహారం ఇప్పించమని కార్మికుల కమిషనరు గారి దగ్గరికి వెళ్లింది.

కంపెనీ జవాబు ఒక్కటే: మాస్కు ఉంది, అతనే తొడుక్కోలేదు. సాక్ష్యంగా చక్రపాణి గారు నన్ను పట్టుగుడ్డలో చుట్టి తెచ్చి బల్ల మీద పెట్టారు. అప్పుడే దసరా వెళ్లింది. కొత్త పెళ్లికూతురిలా ఉన్నాను.

కమిషనరు గారు కళ్లజోడు సవరించుకున్నారు. "ఈ కుంకుమేమిటండీ?"

"ఏటా పూజ చేస్తామండీ. భద్రతంటే మాకంత భక్తి!"

"బాగుంది. ఒకసారి మీరు తొడుక్కోండి."

పాపం, తొడుక్కున్నారు. లోపలికి గాలి వస్తేగా! కళ్లు తేలేసి, పట్టీలు ఊడబీక్కుని, రొప్పుతూ కుర్చీలో కూలబడ్డారు. గదంతా గొల్లున నవ్వింది. పైడమ్మ మాత్రం నవ్వలేదు.

"ఒక్క నిమిషానికే తవరికి పాణం మీదకొచ్చిందా బాబూ? నా పెనిమిటి అన్నేళ్లూ ఆ పొడిలోనే ఊపిరి తీసినాడు గదా!"

నవ్వులు ఆగిపోయాయి. వైద్యమూ పరిహారమూ రెండూ కంపెనీయే భరించాలని తీర్పు వచ్చింది. ఆ దెబ్బకి బీరువా తాళం కూడా ఊడింది. నన్ను శుభ్రంగా కడిగి, కొత్త వడపోతలు వేసి, దాలినాయుడి చోట పనిలో చేరిన నూకరత్నానికి ఇచ్చారు. మనిషి ఊపిరి ఇంత వెచ్చగా ఉంటుందని నాకు అప్పుడే తెలిసింది. ఎంత హాయి!

వారం తిరిగేసరికి నా తెల్లటి వడపోతలు ముదురు నీలంగా మారాయి. నూకరత్నం వాటిని విప్పి చెత్తడబ్బాలో పడేస్తుంటే, పరిహారం కాగితాల మీద సంతకం పెట్టడానికి వచ్చిన దాలినాయుడు ఆగాడు. వంగి ఒకటి పైకి తీసి, అటూ ఇటూ తిప్పి చూశాడు.

"వారానికే ఇంతా?"

"అవును మావా. మార్సకపోతే ఊపిరాడదు."

అతను గుండెల మీద చెయ్యి వేసుకున్నాడు. "నా లోపలిది మార్సడానికి లేదు గదే, రత్నం" అన్నాడు, నవ్వుతూనే.

నూకరత్నం కొత్త వడపోతలు బిగించి, నన్ను ముఖానికి పెట్టుకుని, పట్టీలు ఇంకాస్త గట్టిగా లాగి కట్టుకుంది.