ఎర్ర సిరా, పడమటి గాలి

నలభై ఏళ్ళ కింద నేను ఒక మనిషి నోటికాడి కూడు తీశాను. అది తప్పని తెలిసింది మాత్రం మొన్న, కోదాడ కాలేజీలో, మూడో వరుస కుర్చీలో కూచున్నప్పుడు.

అప్పట్లో నేను మునగాల దగ్గర ఒక పెద్ద చెరువు మీద నీటిపారుదల ఇన్‌స్పెక్టర్‌ని. కొత్త ఉద్యోగం, కొత్త మోటారు సైకిలు, కాళ్ళు నేల మీద ఆనేవి కావు. తూర్పు తూము దగ్గర ఫకీరా అనే తండా మనిషి లస్కర్‌గా ఉండేవాడు. పొద్దునా సాయంత్రం స్కేలు మీద నీటి మట్టం చూసి రిజిస్టర్లో రాయడం అతని పని. అతను మట్టం పక్కనే "పడమటి గాలి" అనో, "గాలి లేదు" అనో కూడా రాసేవాడు. చిన్న కూతురు జమునా గట్టు మీద నిలబడి, కర్రకు కట్టిన గుడ్డపేలిక ఎటు ఎగురుతుందో చూసి చెప్పేది.

"రాయమన్నది నీళ్ళు, గాలి గాదు" అన్నాను ఒకరోజు.

"గాలి రాయకుంటే నీళ్ళ లెక్క తప్పయితది సారు" అన్నాడు ఫకీరా.

నాకు ఒళ్ళు మండింది. చదువుకున్నది నేనా, ఇతనా? ఆ వానాకాలం ఒకనాడు పడమటి గట్టు మీది స్కేలు చూస్తే, ఫకీరా రాసినదానికంటే నీళ్ళు రెండంగుళాలు తక్కువ కనిపించాయి. అదే రోజు, అదే చెరువు. తండా పొలాలకు ఎక్కువ నీళ్ళు వదులుకోవడానికే మట్టం పెంచి రాస్తున్నాడని తేల్చేశాను. తూర్పు తూము దాకా నడిచి చూడనైనా లేదు. "ఇవి దొంగ లెక్కలు" అని రిజిస్టర్లో ఎర్ర సిరాతో రాసి సంతకం పెట్టాను. ఫకీరా పని పోయింది. మఠంపల్లి వైపు రాళ్ళు కొట్టుకోవడానికి పోయాడని ఎవరో చెప్తే, పోనీలే అనుకున్నాను.

మొన్న సముద్ర శాస్త్రవేత్త ఎవరో మాట్లాడతారంటే, కోదాడలో సముద్రం ఎక్కడిదని నవ్వుకుంటూ పోయాను. వేదిక మీద ఉన్నది జమునా; పేరు చదివాక గానీ గట్టు మీది ఆ పిల్లేనని గుర్తుపట్టలేదు.

పాతికేళ్ళు ఓడల మీద తిరిగిందట. సముద్రం చదునుగా ఉండదట. నెలల తరబడి వీచే గాలి నీళ్ళను ఒక ఒడ్డుకు నెట్టి నిలబెడుతుందట, అవతలి ఒడ్డుకంటే ఇక్కడ మూరెడు ఎత్తు. తెర మీద ఆ వాలు చూపించింది. వేల మైళ్ళ నీరు ఒక పక్కకు ఒరిగి అలాగే నిలిచి ఉంది. నాకు ఒళ్ళు జలదరించింది. అరవై ఎనిమిదేళ్ళు నీళ్ళెప్పుడూ సమానంగానే నిలుస్తాయని నమ్మి బతికానే.

గాలి నీళ్ళను నెడుతుందని లోకానికి ముందే తెలుసు. కానీ పాత రేవుల రిజిస్టర్లలో మట్టం ఒక్కటే ఉండేది, గాలి ఉండేది కాదు. ఆమె ఓడల డైరీలు వెతికి, ఏ రేవులో ఏ రోజు గాలి ఎటు వీచిందో ఒక్కొక్కటే పోగుచేసింది. దాంతో సముద్రం ఎక్కడ నిజంగా పెరిగిందో, ఎక్కడ గాలికి పెరిగినట్టు కనిపించిందో తేలింది. తొమ్మిది దేశాల్లో ఆమె శిష్యులున్నారు. మట్టం పక్కన గాలి రాసే గడిని వాళ్ళంతా "ఫకీరా గడి" అంటారట.

తర్వాత తెర మీద ఒక పాత రిజిస్టరు పేజీ వచ్చింది. కింద ఎర్ర సిరా, నా సంతకం.

"పడమటి గాలికి తూర్పు గట్టున రెండంగుళాలు పెరుగుడే కాయిదా, పెరగకుంటేనే తప్పు. మా బాపు సరిగ్గనే రాసిండు" అంది జమునా.

ఆ సంతకం ఎవరిదో హాల్లో ఎవరికీ తెలియదనుకున్నాను. పక్క తలుపు తెరిచే ఉంది, జారుకోవచ్చు. కానీ మొదటి వరుసలో తలపాగాతో ఫకీరా కూచుని ఉన్నాడు. సభ అయిపోయాక వెళ్ళి అతని ముందు నిలబడ్డాను.

"ఫకీరా, ఆ సంతకం నాదే."

"ఎరుకే సారు. నువ్వు లోపటికి రాంగనే ఆనవాలు పట్టిన."

"తప్పు చేసిన" అన్నాను. అతను కూతురి సంచి వైపు చెయ్యి చూపాడు.

జమునా సంచిలోంచి రిజిస్టరు తీసింది. "ఆఫీసోళ్ళు పనికిరాదని పారేస్తుంటే బాపు తెచ్చుకున్నడు సార్. నేను ఎన్ని లెక్కలు సూపిచ్చినా, దొంగ అని రాసిన చెయ్యే ఆ రాత కొట్టెయ్యాలె అంటడు."

నాకు సిగ్గుతో కళ్ళు నిండాయి. రిజిస్టర్లో ఏది కొట్టేసినా పక్కన సంతకం, తారీఖు ఉండాలని మా ఆఫీసు పద్ధతి. ఎర్ర రాత మీద నల్ల గీత గీసి, సంతకం పెట్టి, తారీఖు వేసి ఇచ్చాను.

ఫకీరా కళ్ళద్దాలు సర్దుకుని చూశాడు. తారీఖు పక్కన ఖాళీ మీద వేలు పెట్టాడు.

"గాలి రాయలే సారు."

ఈసారి నడిచి బయటికి పోయాను. చెట్ల కొమ్మలు ఎటు ఊగుతున్నాయో కాసేపు నిలబడి చూశాను. వచ్చి రాశాను: పడమటి గాలి.